పాత జెట్ బోటును నీటిలోకి దించే ముందు సమగ్ర తనిఖీ తప్పనిసరి
ఇంజను ఆగితే బోటు దారి మళ్లించే వీలూ ఉండదు

(ప్రత్యేక వ్యాసం)

లోతు తక్కువగా ఉండే నదీపాయలలోనూ, ఇసుక మేటలు, రాళ్లు అడుగున దాగి ఉండే ప్రవాహాలలోనూ సాధారణ మోటారు బోట్లు నడపడం కష్టం. బోటు అడుగు కంటే కిందకు దిగి తిరిగే ప్రొపెల్లర్ రాయికి తగిలి విరగడమో, వలలో చిక్కుకొని ఆగిపోవడమో జరుగుతుంది. ఈ ఇబ్బందికి పరిష్కారంగా వచ్చినదే జెట్ బోటు. దీనికి బయటకు కనిపించే ప్రొపెల్లర్ ఉండదు. అడుగున ఉన్న జాలీ ద్వారా నీటిని లోపలికి తీసుకొని, ఇంపెల్లర్ అనే రెక్కల చక్రంతో దానిని వేగంగా తోసి, వెనుక ఉన్న నాజిల్ ద్వారా చిమ్మడం వల్ల బోటు ముందుకు కదులుతుంది. జల క్రీడలలో వాడే జెట్ స్కీలు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

కొత్త జెట్ బోటు ధర ఎక్కువ. అందువల్ల ఇతరులు వాడి విక్రయించిన బోట్లను కొనుగోలు చేయడం, ఒకటి రెండేళ్లు షెడ్డులో ఉండిపోయిన బోట్లను తిరిగి వినియోగంలోకి తేవడం అన్ని దేశాలలోనూ జరుగుతున్నదే. ఇందులో తప్పు లేదు. అయితే రంగు, సీట్లు, ఇంజను శబ్దం చూసి బోటు సిద్ధంగా ఉందని నిర్ణయించడం మాత్రం ప్రమాదకరం.

ఇందుకు కారణం జెట్ బోటు నిర్మాణంలోనే ఉంది. సాధారణ బోటుకు చుక్కాని ఉంటుంది. ఇంజను ఆగినా, బోటు కదులుతున్నంతసేపు చుక్కాని కొంతవరకైనా పనిచేస్తుంది. జెట్ బోటుకు చుక్కాని లేదు. నాజిల్ నుంచి వచ్చే నీటి ధారను కుడికో ఎడమకో మళ్లించడమే దానిని తిప్పే పద్ధతి. ధార ఆగిందంటే స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. వెనుకకు నడపడం, వేగాన్ని అదుపు చేయడం కూడా అదే ధారకు అడ్డంగా బకెట్ వంటి పరికరాన్ని దించడం ద్వారా జరిగేవే. కనుక పాడైన పెట్రోలు, మూసుకుపోయిన జాలీ, బలహీనపడిన బ్యాటరీ వంటివి ఈ బోటు విషయంలో కేవలం ఇంజను సమస్యలు కావు. వంతెన స్తంభం ఎదురుగా ఉన్నప్పుడు అవన్నీ స్టీరింగ్ సమస్యలే.

న్యూజిలాండ్ నుంచి గంగానది వరకు

ఆధునిక జెట్ బోటును రూపొందించినవారు న్యూజిలాండ్‌కు చెందిన విలియం హామిల్టన్. ఆయన తన పశువుల క్షేత్రం పరిసరాలలోని లోతు తక్కువ నదులలో ప్రయాణించేందుకు 1950 దశకం ప్రారంభంలో ప్రయోగాలు చేశారు. తొలి నమూనాలో నీటిని బోటు అడుగు నుంచే బయటకు చిమ్మేవారు. ఆ ధారను నీటిమట్టానికి పైన, బోటు వెనుక భాగం నుంచి చిమ్మేలా మార్చిన తరువాత వేగం గణనీయంగా పెరిగింది. 1960లో ఈ బోట్లు అమెరికాలోని కొలరాడో నదిలో, గ్రాండ్ కాన్యన్ గుండా ప్రవాహానికి ఎదురు ప్రయాణించాయి.

భారతదేశానికి ఈ బోట్లతో ఉన్న పరిచయం 1977 నాటిది. ఎవరెస్టు అధిరోహకుడు సర్ ఎడ్మండ్ హిల్లరీ నాయకత్వంలో ఆ సంవత్సరం 3 జెట్ బోట్లు బంగాళాఖాతం తీరంలోని గంగాసాగర్ నుంచి గంగానదిలో ఎగువకు బయలుదేరాయి. నందప్రయాగ వద్ద జలపాతం అడ్డు రావడంతో జలయాత్ర అక్కడితో ముగిసింది. మైదానంలో బురద నీరు, హిమాలయాలలో రాళ్ల నడుమ ఉరవడి, రెండింటినీ అవే బోట్లు తట్టుకున్నాయి. సరిగా సంరక్షించిన జెట్ బోటు ఏమి చేయగలదో చెప్పడానికి ఈ ఒక్క యాత్ర చాలు.

బయటి తనిఖీ

పాత బోటును ముందుగా ట్రైలర్‌పైనే ఉంచి పరిశీలించాలి. అల్యూమినియం బోటు అయితే అతుకుల వద్ద పగుళ్లు, తెల్లని పొడిలా కనిపించే తినివేత ఉన్నాయేమో చూడాలి. ఫైబర్ గ్లాసు బోటు అయితే సుత్తి పిడితో అంగుళం అంగుళం తట్టి చూడడం పాత పద్ధతే అయినా నమ్మదగినది. గట్టి భాగం ఖంగుమంటుంది. లోపల పొరలు విడిపోయినా, నీరు చేరినా శబ్దం మందంగా వస్తుంది. జెట్ యూనిట్‌ను బిగించిన వెనుక గోడ, నీరు తీసుకునే ద్వారం చుట్టూ ఉన్న భాగం ఎక్కువ ఒత్తిడికి గురవుతాయి కనుక అక్కడ రెట్టింపు శ్రద్ధ అవసరం.

జెట్ యూనిట్‌కు అమర్చే తినివేత నిరోధక లోహపు దిమ్మెల విషయంలో తరచు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. బోటుకు రంగు వేసేటప్పుడు వాటికీ రంగు పూయడం మొదటిది. రంగు పడిన దిమ్మె పనిచేయదు. సముద్రపు నీటికి ఉద్దేశించిన జింకు దిమ్మెలనే నదిలోనూ కొనసాగించడం రెండవది. మంచినీటిలో జింకు ప్రభావం తక్కువ. నీటి స్వభావాన్ని బట్టి దిమ్మెలను మార్చుకోవాలి.

ఇంపెల్లర్ అంచున మిల్లీమీటరు లెక్క

జెట్ బోటు కొనేవారు అడగవలసిన ప్రశ్నలలో ముఖ్యమైనది ఇంపెల్లర్ రెక్కల అంచుకు, దాని చుట్టూ ఉన్న వేర్ రింగ్‌కు మధ్య ఎంత ఖాళీ ఉన్నదన్నది. సక్రమంగా ఉన్న యూనిట్‌లో ఈ ఖాళీ సాధారణంగా మిల్లీమీటరులోపే ఉంటుంది. కచ్చితమైన పరిమితి ఆయా తయారీదారుల పుస్తకంలో ఉంటుంది. ఫీలర్ గేజితో చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి. ఒక పక్క ఎక్కువ, మరొక పక్క తక్కువ ఉంటే షాఫ్టు పక్కకు జరిగిందనో, బేరింగు అరిగిందనో అర్థం.

ఇసుక, కంకర కలిసిన నీరు ఈ అంచులను క్రమంగా అరగదీస్తుంది. ఖాళీ పెరిగితే నీరు వెనుకకు జారిపోతుంది. ఇంజను వేగంగా తిరుగుతుంది, శబ్దం చేస్తుంది, కానీ బోటు ముందుకు కదలదు. ఒడ్డున నిలబడి ఇంజను శబ్దం విన్నవారికి అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. ఒకరిద్దరితో తేలికగా వెళ్లిన బోటు పూర్తి బరువుతో, ఎదురు ప్రవాహంలో కదలలేని స్థితి ఇలాగే వస్తుంది. రెక్కల అంచున చిన్న గాట్లను ఆకురాయితో సరిచేయవచ్చు. వంగినా, పగిలినా మార్చడమే మార్గం.

షాఫ్టు బోటులోకి ప్రవేశించే చోట ఉన్న సీలు, బేరింగు ఆయిలు కూడా చూడాలి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారితే అందులో నీరు చేరినట్లే. ఇంజను ఆయిలుకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది.

కారు విడిభాగాలు పనికిరావు

చాలా జెట్ బోట్లలో కార్ల ఇంజన్ల ఆధారంగా రూపొందిన ఇంజన్లే ఉంటాయి. అందువల్ల పట్టణంలోని మెకానిక్ వాటిని సులువుగా విప్పి బిగించగలరు. చిక్కు కూడా అక్కడే ఉంది. స్టార్టరు, ఆల్టర్నేటరు పాడైతే అదే కొలతలో ఉన్న కారు భాగాన్ని తక్కువ ధరకు అమర్చే అవకాశం ఉంటుంది. కారులో ఇంజను కింద ఖాళీగా ఉంటుంది, పెట్రోలు ఆవిరి గాలిలో కలిసిపోతుంది. బోటులో ఇంజను మూసిన తొట్టి వంటి చోట ఉంటుంది. గాలి కంటే బరువైన పెట్రోలు ఆవిరి ఆ తొట్టి అడుగున పేరుకుంటుంది. బోటు కోసం తయారైన విద్యుత్ భాగాలు నిప్పురవ్వ బయటకు రాకుండా రక్షణతో వస్తాయి. కారు భాగాలకు ఆ రక్షణ ఉండదు. కార్బ్యురేటరుపై కూడా కారు ఎయిర్ ఫిల్టరుకు బదులు మంటను ఆపే లోహపు జాలీ ఉండాలి. పాత బోటు కొన్నప్పుడు ఈ మూడింటినీ విప్పి చూడడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

ఇంజను గదిలోని ఆవిరిని బయటకు పంపే బ్లోయరును స్టార్టు చేయడానికి ముందు కనీసం 4 నిమిషాలు నడపాలి. బ్లోయరు నడిచిన తరువాత కూడా మూత తెరిచి వాసన చూడడం మంచి అలవాటు. ఈ పనికి ఇంతవరకు ముక్కును మించిన పరికరం చవకగా దొరకలేదు.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలును పూర్తిగా తీసివేయాలి. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు చెడిపోతుంది. పైగా మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీటిపై ఉండే బోటు ట్యాంకులో తేమ చేరే అవకాశం ఎక్కువ. తేమ పరిమితి మించితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగున పొరగా నిలుస్తాయి. ఇంజనుకు ఇంధనం వెళ్లేది సాధారణంగా అడుగు నుంచే. పాత బోట్లలోని రబ్బరు గొట్టాలు, వాషర్లు ఈ మిశ్రమానికి తట్టుకునేవి కాకపోవచ్చు. వాటిని మార్చిన తరువాతే కొత్త ఇంధనం పోయాలి.

నీరు లేకుండా ఇంజను నడపరాదు

ఎక్కువ జెట్ బోట్లకు కారులో వలె గాలితో చల్లబడే రేడియేటర్ ఉండదు. జెట్ యూనిట్ తీసుకునే నీటిలో కొంత భాగమే ఇంజనును చల్లబరుస్తుంది. కనుక ఒడ్డున పరీక్షించేటప్పుడు గొట్టంతో నీరు అందించాలి. జెట్ స్కీల వంటి అనేక నమూనాలలో ముందు ఇంజను స్టార్టు చేసి తరువాత నీరు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీరు కట్టివేసి తరువాత ఇంజను ఆపాలి. ఈ క్రమం తప్పితే నీరు పొగగొట్టం ద్వారా ఇంజనులోకి చేరి నష్టం కలిగిస్తుంది. నమూనాను బట్టి క్రమం మారవచ్చు కనుక తయారీదారు పుస్తకం చూడకుండా ఈ పరీక్ష మొదలుపెట్టరాదు.

మన నదులలో, కాలువలలో జాలీకి ప్రధాన శత్రువులు గుర్రపుడెక్క, తెగిన వలలు, ప్లాస్టిక్ సంచులు, కొట్టుకువచ్చే బట్టలు. జాలీ చువ్వలు వంగి ఉన్నాయేమో, శుభ్రం చేసే మూత సులువుగా తెరుచుకుంటున్నదో లేదో ముందే చూడాలి. ఇంజను పూర్తిగా ఆపి, తాళం చెవి తీసిన తరువాతే అందులో చేయి పెట్టాలి.

నీటిలో తొలి అరగంట

బోటును దించే ముందు చివరిగా చూడవలసినది డ్రెయిన్ ప్లగ్. ట్రైలర్‌పై ఉన్నప్పుడు వాననీరు పోవడానికి తీసి ఉంచిన ఈ చిన్న బిరడాను తిరిగి బిగించడం మరచిపోవడం వల్ల మునిగిన బోట్లు అన్ని దేశాలలోనూ ఉన్నాయి. ప్రమాదం జరిగినప్పుడు వార్తలలో వచ్చే ‘సాంకేతిక లోపం’ అన్న మాట వెనుక ఇంత చిన్న కారణం కూడా ఉండవచ్చు. విచారణ అధికారులు, పాత్రికేయులు ఆ మాట దగ్గర ఆగకుండా ఏ లోపమో అడగడం ప్రయోజనకరం.

బోటును నీటిలో దించిన వెంటనే తాడుతో కట్టి ఉంచి, లోపలి అడుగు భాగంలో నీరు చేరుతున్నదేమో పది నిమిషాలు గమనించాలి. నీటిని తోడే పంపును స్విచ్చు వేసి చూస్తే సరిపోదు. ఒక బకెట్టు నీరు పోసి అది తనంతట తాను తోడుతున్నదో లేదో పరీక్షించాలి. ఆ తరువాత లోతైన, జనసంచారం లేని నీటిలో నెమ్మదిగా నడపాలి. ఉష్ణోగ్రత, ఆయిలు పీడనం స్థిరంగా ఉన్నప్పుడే వేగం పెంచాలి. డ్రైవరు చేతికి కట్టుకునే తాడును లాగి ఇంజను ఆగుతున్నదని నిర్ధారించుకోవాలి.

ఖాళీ బోటుతో చేసిన పరీక్ష సగమే. అనుమతించిన సంఖ్యలో ప్రయాణికుల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు వేసి, ప్రవాహానికి ఎదురు నడిపి చూడాలి. ఇంపెల్లర్ అరుగుదల బయటపడేది ఈ పరీక్షలోనే.

బోటుతోపాటు డ్రైవరునూ పరీక్షించాలి. ఎదురుగా అడ్డంకి కనిపించగానే యాక్సిలరేటరు వదిలివేయడం రోడ్డుపై అలవాటైన ప్రతిచర్య. జెట్ బోటులో అలా చేస్తే ధార తగ్గిపోయి బోటు తిరగకుండా నేరుగా అడ్డంకి వైపే సాగుతుంది. ధారను కొనసాగిస్తూ తప్పించుకోవాలి. ఇటీవలి కొన్ని నమూనాలలో ఇందుకు సహాయక ఏర్పాట్లు ఉన్నప్పటికీ పాత బోట్లలో వాటిని ఆశించలేము. సాధారణ మోటారు బోటు నడిపిన అనుభవం ఉన్న వారికి కూడా ప్రత్యేక సాధన అవసరం.

పత్రాలు, రికార్డులు

దేశీయ జలమార్గాలలో నడిచే యాంత్రిక నౌకలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. రిజిస్ట్రేషన్, సర్వే ధ్రువపత్రం, బీమా దీని పరిధిలోకి వస్తాయి. పాత బోటు కొన్నవారు అమ్మకందారు చూపిన ధ్రువపత్రంలోని ఇంజను సంఖ్య బోటులోని ఇంజనుపై ఉన్న సంఖ్యతో సరిపోతున్నదో లేదో సరిచూసుకోవాలి. మధ్యలో ఇంజను మార్చి ఉంటే పాత సర్వే ఆధారంగా బోటును నడపరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన దుర్ఘటన జెట్ బోటుకు సంబంధించినది కాదు. అయినా, బోటు సామర్థ్యం, అనుమతులు, లైఫ్ జాకెట్ల విషయంలో తనిఖీ ఎంత అవసరమో రాష్ట్ర ప్రజలకు గుర్తుండిపోయిన సందర్భం అది.

ట్రైలర్‌ను మరవరాదు. దూరప్రయాణంలో వేడెక్కిన చక్రాల బేరింగులను వెంటనే నీటిలో ముంచితే అవి నీటిని లోపలికి పీల్చుకుంటాయి. రేవు వద్ద కొంతసేపు ఆగి, చల్లబడిన తరువాతే దించాలి. తొలి ప్రయాణం ముగిసిన తరువాత బోటును తిరిగి ట్రైలర్‌పైకి ఎక్కించి, డ్రెయిన్ ప్లగ్ తీసి ఎంత నీరు వచ్చిందో కొలిచి, ఇంజను నడిచిన గంటలతో సహా లాగ్ పుస్తకంలో తేదీ వేసి నమోదు చేయాలి. రెండవ ప్రయాణం తరువాత ఆ కొలత పెరిగితే ముందుగా షాఫ్టు సీలును విప్పి చూడవలసి ఉంటుంది.