రక్తమును పలుచన చేయు మందులు – వంటింటి వైద్యమున జాగ్రత్తలు

వెల్లుల్లి, అల్లము, పసుపు గుణములను గురించి ఎందరికో చెప్పుచు వచ్చిన ఆయుర్వేద వైద్యుడను నేను. అవే ద్రవ్యములు ఒక సమయమున నాకే ముప్పు తెచ్చినవి. ఆ అనుభవమును దాచక చెప్పుట నా ధర్మమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కాలి ఎముక విరిగి నేను కొన్ని వారములు మంచమునకే పరిమితమైతిని. కట్టు విప్పిన తరువాత ఎడమ పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పెట్టసాగినది. నా భార్య నువ్వుల నూనె వెచ్చచేసి మర్దనకు సిద్ధము కాగా నేనును కాలు చాచితిని. అంతలో ఎం.బి.బి.ఎస్. చదివిన మా అల్లుడు వచ్చి, "మామయ్యగారూ, రుద్దించుకోకండి, ముందు స్కానింగ్ చేయిద్దాం" అని వారించినాడు. పిక్కలోని లోతు సిరలో రక్తపు గడ్డ ఉన్నట్లు తేలినది. అట్టి గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. ఒక కాలికి మాత్రమే అకస్మాత్తుగా వాపు వచ్చినపుడు కారణము తెలియక మర్దన చేయరాదని ఆ దినమున గ్రహించితిని.

ఈ మందు చేయు పని

పలుచన చేయు మందు అని అందురు గాని, దీనివలన రక్తము నీళ్ళవలె మారదు. గడ్డకట్టు గుణము మాత్రమే తగ్గును. ఉన్న గడ్డ పెరుగకుండ ఇది ఆపును. కరిగించు పనిని శరీరమే మెల్లగా చేసికొనును.

ఈ మందు పుట్టుక విచిత్రమైనది. 1920 దశకమున అమెరికా, కెనడాలలో స్వీట్ క్లోవర్ అను పశుగ్రాసము బూజుపట్టగా, దానిని తిన్న పశువులు రక్తస్రావముతో మరణించినవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ బృందము అందుకు కారణమైన పదార్థమును వేరుచేసినది. ఆ పరిశోధన నుండి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగాను, 1954లో మనుష్యులకు ఔషధముగాను వాడుకలోనికి వచ్చినది. "మూలికయే కదా, అపాయమేమి?" అనువారు ఈ గడ్డి కథను మరువరాదు.

రక్తము గడ్డకట్టించు పదార్థములను కాలేయము విటమిన్ 'కె' సాయముతో తయారుచేయును. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ ఆ పనిని అడ్డగించును. మోతాదు సరిపోయినదా లేదా అనునది ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష తెలుపును. కాలి సిరలోని గడ్డకు ఇది సాధారణముగా 2 – 3 మధ్య ఉండవలెను.

నా పొరపాటు

మొదటి నెల నా ఐ.ఎన్.ఆర్. 2.4 ఉన్నది. అంతట వాతహరమని లశున క్షీరపాకమును రెండు పూటల త్రాగసాగితిని. మోకాలి నొప్పికి పసుపు చూర్ణము చెంచాడు తేనెతో సేవించితిని. "నేనును వైద్యుడనే కదా" అను అహంకారముతో డాక్టరుగారికి చెప్పలేదు. పదిహేను దినములకు చిగుళ్ళ నుండి రక్తము ఆగలేదు. తొడపై నీలపు మచ్చలు లేచినవి. పరీక్షలో ఐ.ఎన్.ఆర్. 5.8! డాక్టరుగారు రెండు దినములు మాత్ర ఆపించి, విటమిన్ 'కె' ఇప్పించినారు. రెండింటిలో ఏది కారణమో రూఢిగా చెప్పలేను గాని, అవి మానిన పిదప పాత మోతాదుకే లెక్క కుదిరినది. 2018లో న్యూజిలాండ్‌లో కూడ, వార్ఫరిన్ వాడు ఒకరికి పసుపు మందు ఆరంభించిన పిదప ఐ.ఎన్.ఆర్. 10 దాటినట్లు అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది.

కూరలోని చిటికెడు పసుపు, తాలింపులోని రెండు వెల్లుల్లి రెబ్బలు సాధారణముగా భయపడవలసినవి కావు. చూర్ణము, స్వరసము, కషాయము, గుళికల రూపమున ఔషధ మోతాదులో తీసికొనుటయే ప్రమాదము.

పాటించవలసిన నియమములు

1. మాత్రను ప్రతిదినము ఒకే వేళకు వేసికొనవలెను. నిన్న మరచితిమని నేడు రెండు మాత్రలు వేసికొనరాదు. తమంతట తాము మానరాదు.

2. పాలకూర, తోటకూర, మునగాకులలో విటమిన్ 'కె' అధికము. వీటిని మానవలసిన పనిలేదు. వారము వారము ఇంచుమించు సమానముగా తినవలెను. ఒక వారము పూర్తిగా మాని, మరు వారము గంపెడు తినుట తగదు.

3. ఒళ్ళు నొప్పులకు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను సొంతముగా కొని వాడరాదు.

4. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ ఐ.ఎన్.ఆర్.ను పెంచును, క్షయ మందైన రిఫాంపిసిన్ తగ్గించును. ఏ కొత్త మందుకైనను ముందు డాక్టరుతో చెప్పవలెను.

5. జలగల చికిత్స చేయించుకొనరాదు. దీనిని సుశ్రుతుడు వివరించినాడు. జలగ నోటిలో రక్తమును గడ్డకట్టనీయని పదార్థము కలదని 1884లో హేక్రాఫ్ట్ కనుగొన్నాడు. మందుకు అది తోడైన రక్తము ఆగుట కష్టము.

6. పన్ను తీయించుకొనుటకు, కండకు సూది వేయించుకొనుటకు ముందు మందు సంగతి తెలుపవలెను. గర్భము ధరించదలచిన స్త్రీలు ముందే డాక్టరును సంప్రదించవలెను. వార్ఫరిన్ శిశువునకు హానికరము.

రివరాక్సబాన్, ఎపిక్సబాన్ వంటి కొత్త మందులకు ఐ.ఎన్.ఆర్. పరీక్ష, ఆకుకూరల లెక్క అక్కరలేదు. కాని ఒక దినము మానినను రక్షణ తగ్గిపోవును. మిగిలిన జాగ్రత్తలు వీటికిని వర్తించును.

ముఖ్య గమనిక: నల్లని విరేచనము, మూత్రమున రక్తము, ఆగని ముక్కు రక్తము, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడుట, ఆయాసము, ఛాతీ నొప్పి – వీటిలో ఏది కనిపించినను వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. తలకు దెబ్బ తగిలినచో పైకి గాయము లేకున్నను వెళ్ళవలెను. ఇట్టి వేళ చిట్కాలతో కాలయాపన చేయరాదు.

మూడు మాసములు పూర్తియైన పిదప డాక్టరుగారే నా మందు ఆపినారు. కొందరు జీవితాంతము వాడవలసియుండును. ఇపుడు నా వద్దకు వచ్చు ప్రతి రోగిని, నాడి చూచుటకు ముందే, "ఇంగ్లీషు మందులేమి వాడుచున్నారు?" అని అడుగుచున్నాను. మీరును మీ వైద్యుడు అడుగకున్నను చెప్పుడు.