డ్రమ్ స్మోకర్

డ్రమ్ స్మోకర్ అనగా సుమారు 208 లీటర్లు (55 అమెరికా గ్యాలన్లు) పట్టే ఉక్కు పీపాతో ఇంటివద్దనే తయారు చేసుకునే పొగపొయ్యి. అడుగున బొగ్గు నిప్పులు, పైభాగాన ఇనుప జాలీ మీద మాంసం, ఆపైన మూత ఉంటాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పెరటి వంటలకు, బార్బెక్యూ పోటీలకు దీనిని ఉపయోగిస్తారు. చూడటానికి అందంగా ఉండదు కనుక అక్కడి ఔత్సాహికులు దీనిని "అగ్లీ డ్రమ్ స్మోకర్" (అనాకారి పీపా పొయ్యి) అని ముద్దుగా పిలుచుకుంటారు. ఈ పొయ్యిలో వేడిని పూర్తిగా గాలి ద్వారానే అదుపు చేస్తారు. పీపాలోనికి ఎంత గాలి ప్రవేశిస్తే అంతకు తగిన బొగ్గు మాత్రమే మండుతుంది. దీని నిర్మాణం, వాడకం, చాలావరకు జాగ్రత్తలు కూడా ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉన్నాయి.

నేపథ్యం

నిప్పు మీద మాంసం వండే పద్ధతులలో అమెరికా వారు రెండింటిని వేరుగా చూస్తారు. ఎర్రటి నిప్పులపై కొద్ది నిమిషాలలో కాల్చడాన్ని "గ్రిల్లింగ్" అంటారు. తక్కువ వేడిలో, కట్టె పొగలో, మూత కింద గంటల తరబడి మగ్గనివ్వడాన్ని "బార్బెక్యూ" అంటారు. ఈ పదం స్పానిష్ భాషలోని "బార్బకోవా" నుండి వచ్చింది. కరీబియన్ దీవుల ఆదివాసులు మాంసం కాల్చడానికి వాడిన కర్రల మంచెకు అది పేరు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో ఈ వంట ప్రాంతానికొక తీరుగా స్థిరపడింది. టెక్సాస్ ఆవు రొమ్ముభాగపు మాంసానికి (బ్రిస్కెట్), ఉత్తర, దక్షిణ కరోలినాలు పంది మాంసానికి, మెంఫిస్ నగరం పంది పక్కటెముకలకు ప్రసిద్ధి చెందాయి.

నేడు మనం చూసే ఉక్కు పీపా 20వ శతాబ్దపు ఆరంభంలో రూపుదిద్దుకుంది. ఐరన్ క్లాడ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీలో పనిచేసిన హెన్రీ వెర్‌హాన్‌కు 1905లో దీనికి సంబంధించిన పేటెంట్లు లభించాయి. ఆ కంపెనీని నడిపిన నెల్లీ బ్లై 1889-90లో 72 రోజులలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన పాత్రికేయురాలు. చమురు, రసాయనాలు, పండ్లరసాల రవాణాకు ఈ పీపాలు అన్ని దేశాలకూ వ్యాపించాయి. ఒకసారి వాడినవి చవకగా దొరకడం వలన అనేకచోట్ల వాటితో పొయ్యిలు చేసుకున్నారు. జమైకాలో పీపాను నిలువునా రెండు బద్దలుగా కోసి, అడ్డంగా పెట్టి "జెర్క్" కోడిమాంసం కాలుస్తారు. పీపాను కోయకుండా నిటారుగా నిలబెట్టి వాడటం డ్రమ్ స్మోకర్ ప్రత్యేకత. 1981లో అమెరికాకు చెందిన వెబర్ సంస్థ "స్మోకీ మౌంటెన్ కుకర్" అనే నిలువు పొగపొయ్యిని విడుదల చేసింది. దాదాపు అదే పనిని డ్రమ్ స్మోకర్ తక్కువ ఖర్చుతో చేస్తుంది.

పనిచేయు సూత్రం

తెలుగువారికి పరిచితమైన కుంపటిని గమనిస్తే ఈ సూత్రం సులభంగా అర్థమవుతుంది. కుంపటి కింది ద్వారం వద్ద విసనకర్రతో విసిరితే బొగ్గులు ఎర్రగా రాజుకుంటాయి. విసరడం ఆపితే మందగిస్తాయి. నిప్పుల మీద నివురు కప్పితే గాలి సరిగా అందక రాత్రంతా ఆరకుండా నెమ్మదిగా కాలుతూ ఉంటాయి. మూడు సందర్భాలలోనూ బొగ్గు అదే, మారినది గాలి మాత్రమే.

డ్రమ్ స్మోకర్‌లో పీపా అడుగుభాగాన చిన్న రంధ్రాల ద్వారా గాలి లోనికి వస్తుంది. బొగ్గును మండించి వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి, మూతలోని రంధ్రాల ద్వారా బయటకు పోతుంది. అది ఖాళీ చేసిన చోటులోనికి అడుగు నుండి కొత్త గాలి వస్తుంది. కింది రంధ్రాలను కొంత మూస్తే ఈ ప్రవాహం తగ్గి నిప్పు మందగిస్తుంది. పూర్తిగా మూస్తే ఆక్సిజన్ అందక ఆరిపోతుంది. అందువలన బుట్టనిండా బొగ్గు ఉన్నప్పటికీ పొయ్యిని 107 నుండి 135 డిగ్రీల సెల్సియస్ (225-275 డిగ్రీల ఫారన్‌హీట్) మధ్య గంటల తరబడి నిలపడం సాధ్యమవుతుంది.

తందూరీ పొయ్యి కూడా అడుగున నిప్పులున్న నిలువు పాత్రే. అయితే దాని నోరు తెరిచి ఉంటుంది, వేడి చాలా ఎక్కువ, మాంసం కొద్ది నిమిషాలలో కాలుతుంది. డ్రమ్ స్మోకర్ మూసి ఉంటుంది, వేడి తక్కువ, సమయం ఎక్కువ. రెండింటిలోనూ మాంసం నుండి కారే కొవ్వు నిప్పుల మీద పడి ఆవిరై తిరిగి మాంసానికి పడుతుంది. నిప్పుల గది పక్కన వేరుగా ఉండే పొగపొయ్యిలలో ఈ రుచి రాదు.

పీపా ఎంపిక

నిర్మాణంలో అన్నింటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. పీపాలో ఇంతకుముందు ఏమి నిలవ చేశారో తప్పక తెలిసి ఉండాలి. వంటనూనె, తేనె, పండ్లరసం వంటి ఆహార పదార్థాలు నిలవ చేసినది గాని, కొత్తది గాని తీసుకోవాలి. పురుగుమందులు, ద్రావకాలు, రంగులు, యంత్రాల నూనె, తారు నిలవ చేసిన పీపాలను ఎంత కడిగినా, కాల్చినా వంటకు వాడరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రోడ్డు పనుల వద్ద కనిపించే తారు పీపాలు కూడా ఇందులోనికే వస్తాయి. మండే ద్రవం నిలవ చేసిన మూసిన పీపాలో మిగిలిన ఆవిరి, కోత యంత్రపు నిప్పురవ్వ తగిలితే పేలి ప్రాణాపాయం కలిగిస్తుంది.

పైమూత పూర్తిగా ఊడివచ్చే రకం పీపా అనుకూలమైనది. లోపల పూత లేనిదైతే మరీ మంచిది. ఆహార పదార్థాల పీపాలకు కూడా తరచుగా లోపల ఎరుపు లేదా గోధుమ రంగు ఎపాక్సీ పూత ఉంటుంది. దానిని పూర్తిగా తొలగించాలి. ఇందుకు మొదట గాలి రంధ్రాలు చేసి, మూత తీసి, ఇళ్ళకు దూరంగా ఆరుబయట పీపాలో పెద్ద కట్టెల మంట వేసి పూతను కాల్చివేస్తారు. ఆ పొగ పీల్చరాదు. చల్లారిన తరువాత తీగ బ్రష్షుతో ఉక్కు తళతళలాడే వరకు రుద్దుతారు. బయటి రంగు మాడిపోతుంది కనుక వేడిని తట్టుకునే రంగును బయటివైపు మాత్రమే వేయాలి.

నిర్మాణం

సాధారణ పీపా లోపలి వ్యాసం సుమారు 22.5 అంగుళాలు (57 సెం.మీ.), ఎత్తు సుమారు 33.5 అంగుళాలు (85 సెం.మీ.) ఉంటుంది. ప్రధాన భాగాలు ఇవి:

- గాలి ద్వారాలు: అడుగు నుండి సుమారు 2 అంగుళాల (5 సెం.మీ.) ఎత్తున, చుట్టూ సమాన దూరంలో మూడు లేక నాలుగు బెజ్జాలు చేసి, ముప్పాతిక అంగుళం ఇనుప గొట్టం ముక్కలను నట్లతో బిగిస్తారు. ఒకదానికి తిప్పే వాల్వు, మిగిలినవాటికి మరమూతలు అమరుస్తారు. మరమూతలతో స్థూలంగా, వాల్వుతో సూక్ష్మంగా గాలిని సరిచేయవచ్చు.
- బొగ్గు బుట్ట: దళసరి ఇనుప జాలీతో 15 అంగుళాల వ్యాసం, 8 నుండి 12 అంగుళాల ఎత్తు గల బుట్టను తయారు చేస్తారు. బూడిద రాలి గాలికి అడ్డుపడకుండా దానికి 3 అంగుళాల కాళ్ళు ఉంచుతారు.
- వంట జాలీ: పై అంచుకు 7 అంగుళాల కింద నాలుగు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు బిగించి వాటిపై గుండ్రని జాలీ ఉంచుతారు. దీనివలన బుట్ట అడుగుకు, మాంసానికి మధ్య సుమారు 24 అంగుళాల (60 సెం.మీ.) దూరం ఏర్పడుతుంది. ఈ దూరమే మాంసాన్ని మాడకుండా కాపాడుతుంది.
- మూత: దీనిలో అరంగుళం బెజ్జాలు ఎనిమిది వరకు చేస్తారు. బయటకు పోయే మార్గాల మొత్తం వైశాల్యం లోనికి వచ్చే మార్గాలకంటే మరీ తక్కువ కాకూడదు.
- ఉష్ణమాపకం: వంట జాలీ ఎత్తులోనే అమర్చాలి. మూత మీద పెడితే మాంసం వద్ద ఉన్న వేడి తెలియదు.

బుట్ట, జాలీ, గొట్టాలు జింకు పూత పూసినవి కారాదు. జింకు తీవ్రంగా వేడెక్కినపుడు వెలువడే పొగ పీల్చితే చలిజ్వరం వంటి అస్వస్థత కలుగుతుంది. దీనిని లోహధూమ జ్వరం అంటారు. నిర్మాణం పూర్తయిన తరువాత లోపలి గోడకు వంటనూనె రాసి, మాంసం లేకుండా కొన్ని గంటలు నిప్పు వేసి ఉంచాలి. ఇనుప పెనానికి నూనె పట్టించినట్లే ఇది కూడా తుప్పు పట్టకుండా చేస్తుంది.

ఉపయోగించు విధానం

బుట్టను ఆరిన బొగ్గుతో నింపి, మధ్యమధ్య హికరీ, ఓక్, ఆపిల్, చెర్రీ వంటి గట్టి కట్టె ముక్కలను మూడు నాలుగు ఉంచుతారు. దేవదారు జాతి జిగురు కట్టెలు, రంగు లేదా మందు పూసిన కలప వాడరాదు. వేరుగా రాజేసిన పదిహేను, ఇరవై నిప్పు కణికలను ఆ బొగ్గు మీద పెడతారు. నిప్పు పైనుండి కిందికి నెమ్మదిగా పాకుతుంది. జిమ్ మినియన్ అనే బార్బెక్యూ నిపుణుని పేరుతో దీనిని "మినియన్ పద్ధతి" అంటారు. కిరోసిన్ వాడితే దాని వాసన మాంసానికి పడుతుంది.

మొదట ద్వారాలన్నీ తెరిచి ఉంచుతారు. వేడి 90 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగానే ఒక్కొక్కటిగా మూయడం ప్రారంభించాలి. కావలసిన వేడి వచ్చేవరకు ఆగితే అప్పటికే ఎక్కువ బొగ్గు అంటుకొని ఉంటుంది. వేడిని పెంచడం సులభం, తగ్గించడం కష్టం. ఒకసారి వాల్వు తిప్పిన తరువాత 10-15 నిమిషాలు వేచి చూసి గాని మరల తిప్పరాదు. పై రంధ్రాలను మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. వాటిని మూస్తే పొగ నిలిచిపోయి మాంసం చేదెక్కుతుంది. తెల్లని దట్టమైన పొగ అసంపూర్ణ దహనానికి గుర్తు. అది పలుచని నీలిరంగుకు మారిన తరువాతనే మాంసం పెట్టాలి.

మాటిమాటికి మూత తెరవరాదు. తెరిచిన ప్రతిసారీ పైనుండి గాలి దూసుకుపోయి నిప్పులు రాజుకుంటాయి, కొవ్వు భగ్గుమంటుంది. వంట పూర్తయిన పిదప అన్ని రంధ్రాలను మూస్తే నిప్పు ఆరి, మిగిలిన బొగ్గు మరొకసారికి పనికివస్తుంది. నీరు పోయరాదు.

మాంసంలో జరిగే మార్పులు

రొమ్ము, భుజం వంటి భాగాలలో కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ అధికం. తేమతో కూడిన వేడిలో చాలాసేపు ఉంటే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. అందువలన ఈ భాగాలను లోపలి వేడి 90-96 డిగ్రీల సెల్సియస్ వచ్చేవరకు వండుతారు. బ్రిస్కెట్‌కు పది గంటలకు పైగా, పక్కటెముకలకు నాలుగు నుండి ఆరు గంటలు పడుతుంది. మధ్యలో 65-75 డిగ్రీల వద్ద మాంసపు వేడి కొన్ని గంటలు పెరగకుండా నిలిచిపోతుంది. మట్టికుండలో నీటిని చల్లబరిచే బాష్పీభవనమే దీనికీ కారణం. ఉపరితలం నుండి తేమ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఈ దశలో తొందరపడి గాలి పెంచితే పైభాగం మాడుతుంది. వండిన మాంసం అంచున కనిపించే గులాబీరంగు వలయం పచ్చిదనానికి గుర్తు కాదు. పొగలోని వాయువులు మాంసపు వర్ణకమైన మయోగ్లోబిన్‌తో కలియడం వలన అది ఏర్పడుతుంది.

ఆవు, పంది మాంసం తినని వారు కోడి, మేక మాంసాలను ఇదే విధంగా వండుకోవచ్చు. మేక మాంసంలో కొవ్వు తక్కువ కనుక నూనె రాయడం మంచిది.

జాగ్రత్తలు

- గాలి తక్కువైన దహనంలో కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. కావున ఈ పొయ్యిని ఇంటిలోను, కారు షెడ్డులోను, మూసిన వసారాలోను వాడరాదు. ద్వారాలు మూసి ఆర్పిన వెంటనే లోనికి తీసుకురావడం కూడా ప్రమాదకరమే.
- మాంసం 4 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. గడ్డకట్టిన మాంసాన్ని పూర్తిగా కరిగించిన తరువాతనే పొయ్యిలో పెట్టాలి. కోడిమాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరాలి. రంగు చూసి నిర్ణయించక, గుచ్చి చూసే ఉష్ణమాపకం వాడాలి.
- కొవ్వు నిప్పుల మీద కాలినపుడు క్యాన్సర్ కారకాలైన కొన్ని హైడ్రోకార్బన్లు ఏర్పడి మాంసానికి అంటుకుంటాయి. మంటలు లేవకుండా చూడటం, మాడిన భాగాన్ని తీసివేయడం, ఇటువంటి ఆహారాన్ని అరుదుగా తినడం మేలు.
- మూత తెరిచేటపుడు ముఖం దూరంగా ఉంచాలి. పీపా గోడ చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది కనుక పిల్లలను దగ్గరకు రానీయరాదు.
- బూడిదలో నిప్పు మరునాటి వరకు కూడా ఉండవచ్చు. దానిని మూతగల ఇనుప డబ్బాలోనే వేయాలి. అట్టపెట్టెలో గాని, ఎండుటాకుల మీద గాని పోయరాదు.