గోడ బల్ల మీద యార్డు
చిన్న ఇంట్లో నమూనా రైల్వే కట్టుకోవడం ఎలా?

టాటానగర్ జంక్షన్‌ను ఆనుకొని ఉన్న బాగ్‌బేరాలో రైలు కూత వింటూ పెరగని పిల్లలు అరుదు. వాల్తేరునూ ఖరగ్‌పూర్‌నూ కలిపిన పాత బెంగాల్ నాగపూర్ రైల్వే దారి పట్టుకొని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొలువులకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడా, జంషెడ్‌పూర్ తక్కిన పేటల్లోనూ ఉన్నాయి. రైలంటే ఈ ఇళ్లలో ప్రయాణం మాత్రమే కాదు, తాతల నాటి పని. ఆ పనిని చిన్న బొమ్మరూపంలో ఇంట్లో నిలుపుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. అడ్డం వచ్చేది చోటు. రెండు గదుల క్వార్టర్‌లో మంచం, అల్మరా, పిల్లల చదువు బల్ల పోగా మిగిలేది గోడ వెంట ఒక మూర వెడల్పు. అది చాలు. అయితే ఆ మూర వెడల్పులో ఏం కట్టాలో ముందే తేల్చుకోవాలి.

మొదట లెక్క చూద్దాం. నమూనా రైళ్లలో ఎక్కువగా వాడే కొలతలు రెండు. హెచ్‌ఓ అంటే అసలు రైలుకు 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు. పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. యార్డులో రోజూ కనిపించే బాక్స్‌ఎన్ వ్యాగన్ కప్లర్ నుంచి కప్లర్‌కు 10.7 మీటర్లు ఉంటుంది. హెచ్‌ఓలో అది 12.3 సెంటీమీటర్లు, ఎన్‌లో 6.7 సెంటీమీటర్లు. ఒక్క వ్యాగన్ అరచేతిలో ఇమిడిపోతుంది. కానీ ఒకదానికొకటి తగిలించిన 58 వ్యాగన్ల పూర్తి వరుసను, అంటే రేకును, హెచ్‌ఓలో నిలబెట్టాలంటే ఇంజన్ కాకుండానే ఏడు మీటర్లు కావాలి. ఎన్‌లో కూడా దాదాపు నాలుగు మీటర్లు. అంత పొడవు గోడ మన ఇళ్లలో ఉండదు.

చాలామంది కొనగానే చేసే పని పట్టాలను గుండ్రంగా బిగించడం. బొమ్మల పెట్టెలతో వచ్చే హెచ్‌ఓ వంపు వ్యాసార్థం సుమారు 36 సెంటీమీటర్లు. అంటే చుట్టు పూర్తవడానికే 85 సెంటీమీటర్ల వెడల్పు బల్ల కావాలి. అది గది మధ్యలోకి వచ్చేస్తుంది. పైగా ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టె హెచ్‌ఓలో 24.5 సెంటీమీటర్లు; అంత బిగువైన వంపులో దాని కొసలు బయటికీ నడుము లోపలికీ పొడుచుకొచ్చి చూడ్డానికి బాగుండదు. రైలు అదే చోట పదిసార్లు తిరిగాక చూసేవారికి చేయడానికేమీ మిగలదు.

అందుకని నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. చోటు తక్కువైనప్పుడు స్టేషన్ మొత్తాన్ని కుదించకూడదు. రైల్వే చేసే పనుల్లో ఒక్కటి ఎంచుకొని, ఆ పని జరిగే చోటును మాత్రమే కట్టాలి. బాగ్‌బేరా వారికి అలాంటి పని కళ్లెదుటే ఉంది: వ్యాగన్లను విడదీసి, కావలసిన వరుసలో పేర్చే షంటింగ్.

షంటింగ్‌కు పేరొందిన చిన్న నమూనా ఒకటుంది. బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించిన దీని పేరు ఇంగిల్‌నుక్ సైడింగ్స్. మూడు లైన్లు, బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే రెండు పాయింట్లు, ఇంజన్ ముందుకీ వెనక్కీ ఆడే ఒక షంటింగ్ నెక్, అంతే సరంజామా. పొడవాటి లైనులో అయిదు వ్యాగన్లు పడతాయి. పొట్టి లైన్లు రెండింటిలో మూడేసి పడతాయి. షంటింగ్ నెక్‌లో ఇంజన్, దానికి తగిలించిన మూడు వ్యాగన్లు మాత్రమే నిలుస్తాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. వాటి నంబర్లు చీటీల మీద రాసి అయిదు తీయాలి. చీటీలు వచ్చిన వరుసలోనే ఆ అయిదింటినీ పొడవాటి లైనులో నిలబెట్టాలి. ఎనిమిదింట్లోంచి అయిదింటిని వరుసగా పేర్చే తీరులు 6,720. పిల్లవాడు రోజుకొక వరుస ఆడినా పద్దెనిమిదేళ్లు పడుతుంది.

ఈ ఆటకు బలం లైన్ల పొట్టితనమే. నెక్ కాస్త పొడవైతే చిక్కు విడిపోతుంది, ఆలోచించే పని పోతుంది. కాబట్టి కొలతలు పట్టుగా ఉండాలి. హెచ్‌ఓలో బాక్స్‌ఎన్ వ్యాగన్లు, 20 సెంటీమీటర్ల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ పెట్టుకుంటే నెక్‌కు 57, మొదటి పాయింటుకు 17, పొడవాటి లైనుకు 62, పక్క లైను మీది బండికి తగలకుండా వ్యాగన్ ఆగాల్సిన హద్దు (ఫౌలింగ్ మార్కు) దగ్గర విడిచే జాగాకు 10 సెంటీమీటర్లు. కలిపి ఒకటిన్నర మీటరు లోపే. వెడల్పు 30 సెంటీమీటర్లు చాలు. ఎన్‌లో పొడవు 90 సెంటీమీటర్లకు దిగుతుంది. ఎన్ మరీ చిన్నది. పెద్దవారి కంటికీ పసివారి చేతికీ కష్టం. చోటు కుదిరితే హెచ్‌ఓనే మేలు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఇప్పుడు మన రైల్వేలో సరుకు రేకులు చాలావరకు విడిపోకుండా చివరిదాకా ఒకటిగానే నడుస్తాయి. ఒక్కో వ్యాగన్‌ను ఏరి పేర్చే పని ఎక్కడుంది? సిక్ లైనులో ఉంది. పరీక్షలో లోపం తేలిన వ్యాగన్‌ను రేకు నుంచి విడదీసి సిక్ లైనులోకి నెట్టి, బాగైనదాన్ని తెచ్చి దాని చోట తగిలిస్తారు. మీ పొట్టి లైన్లలో ఒకటి సిక్ లైను, రెండోది మరమ్మతు పూర్తయిన వ్యాగన్లు ఆగే లైను అనుకోండి. ఆటకు అర్థం వస్తుంది. 1960ల కాలం కావాలంటే నాలుగు చక్రాల పాత వ్యాగన్లు పెట్టవచ్చు. అవి బాక్స్‌ఎన్ కన్నా పొట్టివి కాబట్టి బల్ల ఇంకా తగ్గుతుంది. ఏ కాలమైనా ఒకటే పట్టుకోవాలి. స్టేషన్ బోర్డు మీద టాటానగర్ పాత పేరు కాలీమాటీ అని రాస్తే అది 1919కి ముందు కాలం. ఆ బోర్డు పక్కన డీజిల్ ఇంజన్ నిలవకూడదు.

వేగం సంగతి అన్నిటికన్నా ముఖ్యం. షంటింగ్‌లో ఇంజన్ గంటకు 15 కిలోమీటర్లు మించకూడదన్నది రైల్వే నియమం. 87వ వంతులో అది సెకనుకు దాదాపు 5 సెంటీమీటర్లు. ఆ లెక్కన నడిపితే ఒకటిన్నర మీటరు దాటడానికి అర నిమిషం పడుతుంది. నడక నెమ్మదించే కొద్దీ బల్ల పెద్దదవుతుంది.

అంత నెమ్మదిగా నడవాలంటే పట్టాల్లో కరెంటు ఎక్కడా తెగకూడదు. సాధారణ నమూనా ఇంజన్ 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది. రెండు పట్టాలూ రెండు తీగల్లా పనిచేస్తాయి. ధ్రువాలు మారిస్తే ఇంజన్ వెనక్కి నడుస్తుంది. పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్ ప్లాస్టిక్‌దైతే చిన్న ఇంజన్ దాని మీద ఆగిపోతుంది. అందుకే కరెంటు ప్రవహించే లోహపు క్రాసింగ్ ఉన్న పాయింట్లు ఎంచుకోవాలి. వాటి అవతల లోపలి పట్టాలను ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లతో విడదీయకపోతే షార్ట్ కావచ్చు. ఒక్క ఇంజనే కాబట్టి డిజిటల్ కంట్రోల్ అవసరం లేదు. మంచి అడాప్టర్, వేగం తగ్గించే కంట్రోలర్ చాలు. ఇంటి కరెంటును అడాప్టర్ లేకుండా ఏ దశలోనూ పట్టాలకు తగిలించకూడదు, అది ప్రాణాంతకం.

వ్యాగన్ల జోడింపుకు కేడీ తరహా కప్లర్లు మేలు. మన బాక్స్‌ఎన్ మీది సెంటర్ బఫర్ కప్లర్‌కు అవి రూపంలో దగ్గర. పట్టాల మధ్య పెట్టిన అయస్కాంతం మీద ఆగితే చేయి పెట్టకుండానే విడిపోతాయి.

బల్లను ఒకటిగా చేయకండి. రైల్వే ఉద్యోగికి బదిలీ ఎప్పుడైనా రావచ్చు. 75 సెంటీమీటర్ల ముక్కలు రెండు చేసి బోల్టులతో బిగిస్తే ఆటోలో కూడా వెళ్లిపోతాయి. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అడుగున చెక్క చట్రం సరిపోతాయి. వానాకాలపు తేమకు ప్లైవుడ్ వంగకుండా రెండు వైపులా, అంచులకూ రంగు లేదా వార్నిష్ వేయాలి. ఎండకూ తేమకూ పట్టా, చెక్క వేర్వేరుగా కదులుతాయి గనుక అతుకుల దగ్గర సన్నని సందు విడవాలి. ఉక్కు నగరపు దుమ్ము పట్టాల మీద పొరలా పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆట అయ్యాక పైన మూత వేయడం అంతకన్నా మంచిది.

పట్టాల కింద కంకర చల్లాక, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బునీరు వేసి పోస్తే లోపలిదాకా ఇంకుతుంది. ఇనుప ఖనిజం దిగే యార్డులో కంకర నల్లగా ఉండదు. ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు పడితేనే అది టాటానగర్ అనిపిస్తుంది. వెనక అట్ట మీద కార్ఖానా పొగగొట్టాలు, వాటి వెనక దల్మా కొండల గీత వేస్తే మూర వెడల్పుకు లోతు వస్తుంది.

ఒక లోపం ఒప్పుకోవాలి. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతులో అది 19.3 కావాలి, బజారులో దొరికే పట్టా 16.5 మాత్రమే. సుమారు మూడు మిల్లీమీటర్ల ఇరుకు ఉంటుంది. పక్కనుంచి చూస్తే తెలియదు కాబట్టి సర్దుకోవచ్చు. సర్దుకోవడం ఇష్టం లేనివారికి చక్కని దారి ఉంది. 762 మిల్లీమీటర్ల నేరోగేజ్ 87వ వంతులో 8.76 అవుతుంది. ఎన్ పట్టా 9. అంటే ఎన్ పట్టాలు, ఎన్ చక్రాల మీద హెచ్‌ఓ కొలతలో ఇంజన్, పెట్టెలు కట్టుకుంటే దాదాపు అచ్చమైన నేరోగేజ్ వస్తుంది. దానికి తెలుగు నేల మీంచి బయలుదేరిన రైలే ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా సాగి, 2004లో ఆగిన ఆ చిన్న రైలు సరిగ్గా ఈ గేజ్‌దే. ఇప్పుడు ఆ దారి బ్రాడ్‌గేజ్. చిన్న ఇంజన్లు బిగువైన వంపుల్లోనూ ఒదుగుతాయి గనుక, చుట్టూ తిరిగే రైలే కావాలనుకునే పిల్లలకు 60 సెంటీమీటర్ల వెడల్పులోనే అది కుదురుతుంది. జంషెడ్‌పూర్‌లో టెల్కో కట్టిన వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లు ఇష్టమైతే, ఆ మీటర్‌గేజ్‌కు 12 మిల్లీమీటర్ల పట్టా సరిపోతుంది.

ఏది కట్టాలనుకున్నా డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి. పాత వార్తాపత్రికలు అతికించి దాని మీద మూడు లైన్లనూ అసలు కొలతలో గీయండి. 12.3 సెంటీమీటర్ల అట్ట ముక్కలు ఎనిమిది, 20 సెంటీమీటర్లది ఒకటి కత్తిరించి, చీటీలు తీసి, చేత్తో జరుపుతూ ఆడండి. ఇంట్లో పాయింట్స్‌మన్‌గానో గార్డుగానో పనిచేసి రిటైరైన పెద్దలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ వ్యాగన్ ముందు లాగాలో, ఫౌలింగ్ మార్కు దాటి నిలిపితే ఏమవుతుందో వారికి చెప్పనవసరం లేదు, వారే చెబుతారు. వారి చేతిలో ఉన్న ఆ పని మనవలకు చేరడానికి పట్టాలు కొనేదాకా ఆగనక్కర్లేదు.