ఇంటనుండి మోటారు నడుపుట - లాభములు, జాగ్రత్తలు

ఇటీవలి కాలమున సేద్యమునకు వచ్చిన పరికరములలో మన సభ్యుల దినచర్యను సెల్‌ఫోను స్టార్టరు మార్చినంతగా మార్చినవి కొలదిగనే యున్నవి. ఇంట మంచముపై కూర్చుండి, మైలు దూరమున నున్న బోరుబావి మోటారును నడుపుటయు, ఆపుటయు దీనివలన సాధ్యమగుచున్నది. దీనిని కొందరు వరమనుచున్నారు. కొందరు సోమరితనము నేర్పు యంత్రమనుచున్నారు. ఈ రెండు మాటలలోను కొంత నిజము గలదు. ఇది చేయగల పని యేదో, చేయజాలని పని యేదో తెలిసికొన్నచో దీనిని మనము సద్వినియోగము చేసికొనవచ్చును.

ముందుగా దీని యవసరము ఎట్లు కలిగినదో చూతము. 2004 మే నెలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఆరంభమైనది. అది రోజునకు కొన్ని గంటలు మాత్రమే, తరచుగా రెండు విడతలుగా, అందులో నొక విడత రాత్రివేళ వచ్చుచుండెడిది. ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు పోవునో రైతునకు నిశ్చయముగా తెలియకుండెడిది. అందుచే అర్ధరాత్రి టార్చిలైటు చేతబట్టి గట్లవెంట నడవవలసివచ్చెను. ఒకవైపు పాముల భయము, మరియొకవైపు తడిచేతులతో స్టార్టరును ముట్టుటవలని ప్రాణాపాయము. పొలమునకు వెళ్లినవాడు తిరిగి వచ్చువరకు ఇంటనున్నవారికిని నిద్ర లేకుండెను.

దీనికి రైతులు ఆశ్రయించిన మొదటి యుపాయము ఆటో స్టార్టరు. కరెంటు రాగానే అది తనంతట తానే మోటారును తిరుగజేయును. రాత్రి నిద్ర దక్కినది గాని, దానితో రెండు నష్టములు కూడ వచ్చినవి.

మొదటిది ట్రాన్సుఫార్మరునకు కలుగు నష్టము. మోటారు సాధారణపు స్టార్టరుతో బయలుదేరు క్షణమున, నడచునప్పుడు తీసికొను కరెంటునకు ఐదారు రెట్లు తీసికొనును. ఒక ట్రాన్సుఫార్మరు క్రింది పది మోటార్లును ఒక్కసారిగా బయలుదేరినచో వోల్టేజి పడిపోవును, మోటార్ల వైండింగులు వేడెక్కి కాలవచ్చును, ట్రాన్సుఫార్మరే చెడిపోవచ్చును. అది చెడినచో అది బాగుపడువరకు పది కుటుంబముల పైరులకు తడి యుండదు. ఒక్కొక్కరు తమ సౌకర్యమునకై చేసిన పని అందరికిని నష్టమగుట యనగా నిదియే.

రెండవది నీటినష్టము. ఎకరమునకు ఒక అంగుళము నీరు పెట్టుటకు సుమారు లక్ష లీటర్లు కావలయును. గంటకు 10,000 లీటర్లు పోయు బోరు అవసరము లేకయే రాత్రి 6 గంటలు నడచినచో 60,000 లీటర్లు పోవును. పదిరాత్రులు అట్లు జరిగినచో 6 లక్షల లీటర్లు, అనగా ఎకరమునకు ఆరంగుళముల నీరు వృథా యగును. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చుట ఆరంభించినప్పుడు, ఆటో స్టార్టర్లను తొలగింపుడని రైతులను కోరుటకు భూగర్భజలము తగ్గిపోవునను భయమే ముఖ్యకారణము.

సెల్‌ఫోను స్టార్టరు ఈ విషయమున మేలైనది. స్టార్టరు ప్రక్కన బిగించు చిన్న పెట్టెలో సిమ్ కార్డుండును. మన ఫోనునుండి పిలిచినను, సందేశము పంపినను అది మోటారును నడపును లేక ఆపును. మూడు ఫేజులలో నొకటి లేకున్నచో తెలియజేయును. బావిలో నీరు తగ్గి మోటారు ఉత్తగా తిరుగుచున్నచో దానిని గుర్తించి ఆపు ఏర్పాటు కూడ పెక్కింటిలో గలదు. కావున నడుపవలసినదియు, ఆపవలసినదియు మరల రైతే యగుచున్నాడు.

అయినను పెద్దలు పలుకు ఒక మాటను మనము త్రోసిపుచ్చరాదు. "పొలము మొగము చూడని సేద్యమేమి సేద్యము?" అని వారనుచున్నారు. మోటారు తిరుగుచున్నదని మాత్రమే ఫోను చెప్పును. గొట్టము అతుకు ఊడినదా, ఎలుకబొరియలోనుండి నీరు ప్రక్కపొలమునకు పోవుచున్నదా, చివరిమడికి తడి యందినదా యను సంగతులను అది చెప్పదు. మడవ మార్చుటకు మనిషియే పోవలయును. ఈ యంత్రము మన కాళ్లకు శ్రమ తగ్గించునుగాని మన కంటికి బదులు కాజాలదు. రాత్రి నడక తప్పినందున మిగిలిన శక్తిలో కొంత ఉదయమున పొలము చూచుటకు వినియోగించుట న్యాయము.

ఈ స్టార్టరు పెట్టుకొనువారు నాలుగు సంగతులు గమనింపవలయును.

ఒకటి: మోటారునుగాని, తీగెలనుగాని ముట్టుటకు ముందు మెయిన్ స్విచ్చి దించి ఫ్యూజులు తీసివేయవలయును. పొలములో కూలివాడు మరమ్మతు చేయుచుండగా ఇంటనున్నవారు తెలియక మోటారు నడపినచో ప్రాణమే పోవచ్చును. ఇంటిల్లపాదికి ఈ మాట తెలిసియుండవలయును.

రెండు: మోటారును నడపు నంబర్లు ఇంటిలోని ఇద్దరు ముగ్గురివి మాత్రమే యుండవలయును. పెట్టెలోని సిమ్ కార్డు గడువు తీరకుండ చూచుకొనవలయును.

మూడు: కరెంటు వచ్చిన తరువాత కొంత ఆలస్యముగా బయలుదేరునట్లు అమర్చు సౌకర్యము పెక్కు స్టార్టర్లలో నున్నది. ఒక ట్రాన్సుఫార్మరు క్రిందివారందరు కలిసి కూర్చుండి, ఒకరి తరువాత నొకరు నడుపునట్లు వరుస నిర్ణయించుకొనవలయును. ఖర్చులేని ఈ యొప్పందము పదిమంది మోటార్లను కాపాడును.

నాలుగు: మడిలో తేమ చూచిన తరువాతనే తడి గంటలు నిర్ణయించుకొనవలయును. ఫోను చేతనున్నదిగదా యని మోటారు నడుపరాదు.

క్రొత్త వస్తువు వచ్చినప్పుడు భయపడి దూరముంచుట యెంత పొరపాటో, మన బాధ్యతనంతయు దానికే అప్పగించుట యంత పొరపాటు. ఒక్క ట్రాన్సుఫార్మరును పంచుకొనువారు, ఒక్క భూగర్భజలమును త్రాగు బోరుబావులవారు పేరునకు వేరువేరు రైతులైనను, నిజమునకు ఒక చిన్న సహకార సంఘమే. కావున ఈ మాసమున ప్రతి ట్రాన్సుఫార్మరు క్రింది సభ్యులును ఒకమారు సమావేశమై, మోటార్లు నడుపు వరుసను వ్రాసికొందురుగాక యని కోరుచున్నాము.