ఇంటిలో అవధానము: ఏ.డి.హెచ్.డి. గల దంపతులకు చికిత్స

అష్టావధానము చూచినవారికి అప్రస్తుత ప్రసంగి తెలిసియే యుండును. అవధాని ఒక పద్యపాదమును మనస్సులో నిలుపుకొని ముందునకు సాగుచుండగా, ఇతడు నడుమ కల్పించుకొని పొంతనలేని ప్రశ్న వేయును. అవధాని అతనికి చమత్కారముగా బదులు చెప్పి, విడిచిన పాదమును విడిచినచోటనే తిరిగి పట్టుకొనును.

నిత్యజీవితములో మనమందరము చిన్న అవధానులమే. పొయ్యిమీది పాలు, పిల్లవాని ఫీజు, కట్టవలసిన కరెంటు బిల్లు, వీనినన్నిటిని తలలో పెట్టుకొనియే ఎదుటివారితో మాటలాడుచుందుము. కొందరి విషయములో మాత్రము అప్రస్తుత ప్రసంగి మెదడులోనే తిష్ఠ వేసికొని కూర్చుండును. విడిచిన పాదము మరల చేతికి చిక్కదు. ఈ స్థితినే వైద్యులు అవధానలోప-అతిచంచలతా రుగ్మత అందురు. ఆంగ్లనామములోని తొలి అక్షరములనుబట్టి ఏ.డి.హెచ్.డి. అను పేరు వాడుకలో నున్నది.

ఉదాహరణకు మెదక్ పట్టణములో ఒక దంపతులను ఊహించుకొందము. భర్త ఒక దుకాణములో లెక్కలు వ్రాయును. భార్య ఉపాధ్యాయిని. పిల్లవానికి దగ్గుమందు తెమ్మని ఆమె చెప్పగా ఆయన బజారుకు బయలుదేరెను. దారిలో స్నేహితుని బండి ఆగిపోయి కనబడెను. దానిని మరమ్మతు చేయించుటకు తోడు వెళ్లెను. అక్కడ వేరొక పని తగిలెను. రాత్రి తొమ్మిది గంటలకు ఉత్తచేతులతో ఇల్లు చేరెను.

“మల్ల మర్చిపోయిండ్రా? పోరడు పొద్దటిసంది దగ్గుతుండు.”

“యాది మర్చిన. రేపు పొద్దుగాల్నే తెస్త.”

“రేపు, రేపు! ఇంట్ల అన్నీ నేనొక్కదాన్నే యాదికుంచుకోవాల్నా?”

ఒకనాటి మరపు ఎవరికైనను కలుగును. పది సంవత్సరములు ఇట్లే జరిగినచో ఆమె ‘నాపై గౌరవము లేదు’ అని తీర్మానించును. ఆయన ‘నేను దేనికిని పనికిరాను’ అని తీర్మానించును. కాపురము చెడునది ఈ రెండు తీర్మానముల వలననే.

మరి అసలు కారణమేమి? చేయవలసిన పనిని కొంతసేపు మనస్సులో పట్టియుంచు శక్తిని క్రియాస్మృతి అందురు. దీనిని, తొందరపాటును అదుపుచేయు శక్తిని నడుపుటలో మెదడు ముందుభాగమునకు ముఖ్యపాత్ర కలదు. అక్కడి నాడీకణముల నడుమ వార్తలు మోయు డోపమిన్, నారడ్రినలిన్ అను రసాయనముల పనితీరు వీరిలో భిన్నముగా నుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కవలలపై జరిగిన పరిశోధనలనుబట్టి ఇందు వంశపారంపర్యమునకు పెద్ద పాలు కలదు. ఎదుట నున్న ఆసక్తికరమైన పని వీరిని గంటలతరబడి పట్టి ఉంచగలదు. రేపటి ఫలితమునిచ్చు పని పట్టి ఉంచలేదు. అందుచేతనే ‘ఇష్టమైనవి గుర్తుండును, ఇంటిపనులు గుర్తుండవు’ అను నింద వచ్చును.

ఈ లక్షణములను 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అను వైద్యుడు వర్ణించెను. 1902లో జార్జి స్టిల్ లండనులో ఇట్టి బాలలనుగూర్చి ఉపన్యసించెను. పెద్దయినచో ఇది పోవునని చాలకాలము నమ్మిరి. నూటికి ఇద్దరు, ముగ్గురు పెద్దవారిలో ఇది ఉండునని నేటి అంచనా. 2013లో వెలువడిన అమెరికా మనోవైద్యుల నిర్ణయ గ్రంథము ప్రకారము 12 సంవత్సరముల వయస్సునకు ముందే కొన్ని లక్షణములు కనబడియుండవలెను. కావున వైద్యుడు బాల్యమునుగూర్చి తల్లిదండ్రులను అడుగును. పాత ప్రోగ్రెస్ రిపోర్టులు చూచును. నిద్రలేమి, దిగులు, థైరాయిడ్ దోషము కూడ ఇట్లే కనబడవచ్చును. వానిని విచారింపక నిర్ణయము చేయరాదు.

చికిత్సలో మొదటి భాగము మందులు. మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటిన్ మొదలగునవి వైద్యుని చీటీపై, ఆయన పర్యవేక్షణలోనే వాడవలెను. మందు ధ్యాసను నిలుపగలదు కాని, పనిని వరుసలో పెట్టుకొను అలవాటును నేర్పదు. దానికి ప్రవర్తనా చికిత్స కావలెను. 2010లో బోస్టను నగర పరిశోధకులు మందు వాడుచున్నను బాధ తీరని 86 మంది పెద్దవారిని రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు 12 సమావేశములలో ఇట్టి శిక్షణ నిచ్చిరి. రెండవ జట్టునకు శరీరమును, మనస్సును సడలించు పద్ధతి నేర్పిరి. మొదటి జట్టులోనే ఎక్కువ మేలు కనబడెను.

ఆ శిక్షణ చాల సాదాయైనది. పనులన్నిటికి ఒకే పుస్తకము, తేదీలకు ఒకే క్యాలెండరు. పెద్ద పనిని చిన్న మెట్లుగా విడదీయుట. తన ధ్యాస ఎన్ని నిమిషములు నిలుచునో గడియారముతో కొలిచి, పనిని అంతంత ముక్కలుగా చేయుట. నడుమ మరొక ఆలోచన వచ్చినచో దాని వెంట పోక, కాగితముపై వ్రాసి పని ముగిసిన తరువాత చూచుట. ఇంటిలోని అప్రస్తుత ప్రసంగికి ఇదే తగిన సమాధానము! ‘ఎట్లును చేయలేను’ అను పాత నమ్మకమును జరిగిన విషయములతో సరిచూచుట కూడ శిక్షణలో భాగమే.

దంపతుల చికిత్సపై ఇంత పరిశోధన జరుగలేదు. అయినను సలహాదారులు చేయించు పని స్పష్టముగనే యున్నది. భార్య గుర్తుచేయుచు తల్లివలెను, భర్త దాచుచు పిల్లవానివలెను మారిపోయిన వరుసను వారు మొదట విప్పుదురు. గుర్తుచేయు పని భార్యనుండి తీసి ఫోనులోని అలారమునకు అప్పగింతురు. పనులను సరిసగముగా గాక, ఎవరికి ఏది సాధ్యమో చూచి పంచుదురు. వారమునకు ఒకసారి ఇద్దరును కూర్చుండి రాబోవు పనులు మాటలాడుకొందురు. మన ఉదాహరణములో ‘దగ్గుమందు’ అని వ్రాసిన చీటీ, అలారము రెండును భర్త జేబులో నుండును. తెచ్చు బాధ్యత ఆయనదే. రోగము బాధ్యతను తొలగింపదు, దానిని నెరవేర్చు దారిని చూపుటయే చికిత్స. భార్య అలసటను కూడ సలహాదారు ఆలకింపవలెను.

మెదక్ వాసులు ముందుగా 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలి-మానస్ సేవ ఇది. తెలుగులో ఉచితముగా సలహా లభించును. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తెలివి యుండియు ప్రతిదినము పుస్తకము మరచి వచ్చు విద్యార్థి మీ తరగతిలో ఉండవచ్చును. అందరిలో నిలువబెట్టి ‘బద్ధకస్తుడు’ అనుటకు బదులు, రేపటి పనిని ఒకే నోటుపుస్తకములో మీ ఎదుటనే వ్రాయించుడు. చిరకాలము అట్లే సాగినచో తల్లిదండ్రులను పిలిచి వైద్యుని చూడుమని చెప్పుడు. ఆ బాలుడే రేపు ఒక ఇంటి యజమాని కాగలడు.