వేడికి గెంతడం రాదు

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు దేశమంతటా అమల్లోకి వచ్చాక డీజిల్ బండి పొగగొట్టం ఉత్త గొట్టంగా మిగల్లేదు. అంతకుముందు డీజిల్ కారు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా మసి వదిలినా చెల్లేది. కొత్త పరిమితి 4.5 మిల్లీగ్రాములే. దాన్ని అందుకోవడానికి పొగదారిలో డీపీఎఫ్ అనే సన్నరంధ్రాల పింగాణీ వడపోత పెట్టారు. అందులో పట్టుబడిన మసిని అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చేయాలి. ఆ వేడి ఎంతుందో ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పేవి గొట్టానికి బిగించిన ఉష్ణోగ్రత సెన్సర్లు. వాటి లెక్క నమ్మదగ్గదిగా లేదని తోస్తే కంప్యూటర్ సాధారణంగా మసి కాల్చడమే మానేస్తుంది. వేడి ఎంతో తెలియకుండా అదనపు డీజిల్ చిమ్మితే వడపోత పగలవచ్చు, కరగనూవచ్చు. కాల్చడం ఆగిపోతే మసి పేరుకుంటుంది, బండి లాగదు, చివరికి ఖరీదైన వడపోతకే ముప్పు వస్తుంది.

చిక్కంతా ఉండి ఉండి కనిపించే లోపంతోనే. ఇవాళ డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, రేపటికి ఆరిపోతుంది. షెడ్డులో స్కానర్ పెట్టేసరికి కొలతలన్నీ సరిగానే ఉంటాయి. మెమరీలో మాత్రం పి0546 అనో పి2081 అనో ఒక కోడ్ మిగిలి ఉంటుంది. కోడ్ వివరణలో సెన్సర్ అన్న మాట ఉంది కాబట్టి సెన్సర్‌నే మార్చేస్తారు. కానీ మొదటి కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువైందని, రెండోది చెప్పేది ఆ సర్క్యూట్ వచ్చిపోతోందని. సర్క్యూట్‌లో సెన్సర్‌తోపాటు దాని తీగ, కనెక్టర్, అందులోని పిన్నులు, అక్కణ్ణుంచి కంప్యూటర్ దాకా వెళ్లే వైరింగ్ అన్నీ ఉన్నాయి. వీటిలో దోషి ఏదో కోడ్ తేల్చదు. తేల్చగల సాక్ష్యం స్కానర్ చూపే ఉష్ణోగ్రత గ్రాఫ్‌లో ఉంటుంది.

ఎలాగో చూద్దాం. చాలా బండ్లలో వాడే ప్లాటినం సెన్సర్ నిరోధం సున్నా డిగ్రీల దగ్గర 200 ఓములు, 600 డిగ్రీల దగ్గర సుమారు 615 ఓములు. కంప్యూటర్ 5 వోల్టుల సరఫరాను ఒక స్థిర నిరోధం గుండా పంపి, సెన్సర్ దగ్గర నిలిచే వోల్టేజీని బట్టి వేడిని లెక్కగడుతుంది. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, కంప్యూటర్‌కు అది విపరీతమైన వేడిలా కనిపిస్తుంది. తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే విపరీతమైన చలిలా కనిపిస్తుంది. వేడికి నిరోధం తగ్గే థర్మిస్టర్ రకంలో ఇది సరిగ్గా తిరగబడుతుంది కాబట్టి, బండిలో ఏ రకం ఉందో ముందే తెలుసుకోవాలి. ఇక అసలు సంగతి: వేడికి గెంతడం రాదు. సెన్సర్ మొనకు లోహపు తొడుగు ఉంటుంది, అది వేడెక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పింగాణీ వడపోతకు ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. గ్రాఫ్‌లో 240 డిగ్రీలు రెప్పపాటులో 900 దాటి, మళ్లీ రెప్పపాటులో 240కి దిగాయంటే అది వేడి కాదు, కరెంటు తెగి అతుక్కోవడం. అలాకాక గీత మెల్లగా పైకి పాకుతూ, పక్క సెన్సర్లు కూడా దాన్నే అనుసరిస్తుంటే పొగ నిజంగానే వేడెక్కుతోంది, కారుతున్న ఇంజెక్టర్ లాంటి కారణాన్ని వెతకాలి. స్కానర్‌లో ఇరవై అంశాలు ఒకేసారి తెరిస్తే కొలతలు నెమ్మదించి ఆ గెంతు జారిపోతుంది. రెండు మూడే ఎంచుకోవాలి.

గెంతు కనిపించిందంటే లోపం విద్యుత్తుదని తేలింది, చోటు తేలలేదు. దానికి లోపాన్ని రప్పించాలి. రాత్రంతా నిలిపిన బండిలో ఉదయాన్నే సెన్సర్లన్నీ దాదాపు ఒకే ఉష్ణోగ్రత చూపాలి. చూపాక ఇంజన్ ఆన్ చేసి, గ్రాఫ్ చూస్తూ కనెక్టర్‌నూ వైరింగ్‌నూ మెల్లగా కదపాలి. కదిపినప్పుడల్లా గీత గెంతితే అది లూజ్ కాంటాక్టే. కదిపినా ఏమీ కాక, నున్నటి రోడ్డు మీద కూడా ఫలానా వేడి దాటగానే తెగిపోయి, చల్లారాక అతుక్కుంటుంటే అనుమానం సెన్సర్ లోపలి పగులు మీదికి మళ్లాలి. వేడికి లోహం సాగినప్పుడు ఆ పగులు విచ్చుకుంటుంది. అందుకే చల్లటి సెన్సర్‌ను మల్టీమీటర్‌తో కొలిచి బాగుందనడం చాలదు. విడిచి విడిచి వచ్చే జ్వరాన్ని జ్వరం లేని పూట కొలిచినట్టే అది.

ఇంత శ్రమ ఎందుకు, మెకానిక్ కూలీ కంటే సెన్సరే చవక కదా అని అడగవచ్చు. నిలిచిపోయిన లారీకి ప్రతి పూటా నష్టమే కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. సెన్సర్లు నిజంగా పాడవుతాయి కూడా. ఏళ్ల తరబడి కాగుతూ చల్లారుతూ అదురుతూ ఉండే వస్తువు అది. సాక్ష్యం సెన్సర్ లోపలి పగులు వైపు చూపితే దాన్ని మార్చడమే సరైన పని. అయితే సెన్సర్ మార్చాక లోపం పోయింది కాబట్టి సెన్సర్‌దే తప్పు అనే తర్కం నిలవదు. ఈ సర్క్యూట్‌లో పారేది కొన్ని మిల్లీయాంపియర్లే. అదురుడుకు పిన్నుల మీద ఏర్పడే సన్నటి ఆక్సైడ్ పొరను అంత చిన్న కరెంటు ఛేదించలేకపోవచ్చు. కనెక్టర్ ఊడదీసి మళ్లీ గుచ్చినప్పుడు ఆ పొర గీసుకుపోతుంది, లోపం కొన్నాళ్లు మాయమవుతుంది, ఆ ఘనత కొత్త సెన్సర్‌కు దక్కుతుంది. పైగా ఇలాంటి పొర వల్ల పది ఓములు అదనంగా చేరినా లెక్కలో తేడా 13 నుంచి 16 డిగ్రీలే. అంత చిన్న తేడాకు కోడ్ రాదు. లోపం బాగా ముదిరాకే బయటపడుతుంది. దీనికి తోడు మరలు వేడికి పట్టేసిన సెన్సర్‌ను అనవసరంగా విప్పబోతే గొట్టంలోనే విరిగిపోవచ్చు.

బండి యజమానులు చేయగలిగింది కూడా ఉంది. లైటు వెలిగినప్పుడు వాన పడుతోందా, బండి గుంతలో పడిందా, ఎంతసేపు నడిచాక వెలిగింది అన్నవి రాసిపెట్టుకోండి. ఆ క్షణంలోని వేగాన్నీ ఉష్ణోగ్రతలనూ కంప్యూటర్ కోడ్‌తోపాటు దాచిపెడుతుంది. కోడ్ చెరిపేస్తే అవీ పోతాయి కాబట్టి చెరపకముందే రాయించుకోండి. సెన్సర్ మార్చాలన్నప్పుడు ముందుగా గ్రాఫ్ చూపించమని అడగండి.