మీకు తెలుసా? హెడ్‌ఫోన్ ఒకటే, తీర్పులు రెండు!

ఒకే హెడ్‌ఫోన్ విని ఒకరు "బాస్ అదిరింది" అంటే, మరొకరు "బాసే లేదు" అంటారు. చాలాసార్లు ఇద్దరిదీ నిజమే!

• చెవి డొప్ప, కర్ణనాళం ఆకారం మనిషి మనిషికీ వేరు. సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుండే ఈ నాళం 3,000 హెర్ట్జ్ దగ్గరి ధ్వనులను పెంచి వినిపిస్తుంది. ఎంత పెంచుతుందనేది చెవిని బట్టి ఉంటుంది.

• కళ్లజోడు కాడ వల్ల హెడ్‌ఫోన్ కుషన్ కింద సన్నని సందు ఏర్పడినా బాస్ తగ్గిపోతుంది.

• వాల్యూమ్ తగ్గిస్తే బాస్ మరీ పలచబడినట్టు వినిపిస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపారు.

• వయసు పెరిగేకొద్దీ కీచు శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది.

కొనేముందు మీకు బాగా తెలిసిన పాటను మీ చెవులతోనే వినండి. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉంచండి. కాస్త గట్టిగా మోగేదే మెరుగ్గా అనిపిస్తుంది మరి!